కంచే చేను మేస్తే

పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు! మన ఇళ్ళల్లో ఏభై దాటినవారిని ఎవరిని కదిపినా ఈ మాటకు పొట్ట తడుముకుంటారు. తాము పొడిపించుకోకపోయినా, పక్కింటి కుర్రవాడు పొడిపించుకుంటూ వీధి అదిరేట్టు ఏడవటం విని వుంటారు. ఇంతమంది ఇన్నేళ్ళపాటు పొడిపించుకున్నారు గాని, ఆ సీసాలో వున్న మందు ఏమిటని అడిగినవారు తక్కువ.

అందులో వున్నది గొర్రె మెదడు.

హాస్యానికి అనటం లేదు. పిచ్చికుక్క వైరస్‌ను గొర్రె మెదడులో పెంచి, ఆ మెదడును మెత్తగా నూరి, కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ను చంపి, ఆ ద్రవాన్ని మనుషులకు ఎక్కించేవారు. డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు 1911లో హిమాలయాల వైపు కసౌలీలో ఈ పద్ధతి కనిపెట్టాడు. దక్షిణాదిలో కూనూరు పాస్టరు ఇన్‌స్టిట్యూటు అంతకు కాస్త ముందే, 1907లో వెలిసింది. సెంపుల్ టీకా చవక. ఎక్కడైనా తయారు చేసుకోవచ్చు. కనుకనే అది దేశమంతా పాకింది. మన దేశంలో దాని తయారీ ఆగినది 2004 చివరలోనే.

ఆ టీకా ఎందరి ప్రాణాలనో నిలబెట్టింది. పిచ్చి ముదిరిన తరువాత మనిషి బతకడు గనుక, పొట్టపోట్లు ఎంత బాధ అయినా నయమే. కాని ఒక చిక్కు మొదటినుంచీ వున్నది. టీకా తీసుకున్నవారిలో కొందరికి, కొన్ని వందలలో ఒకరికో, కొన్ని వేలలో ఒకరికో, లెక్క చోటునుబట్టి మారుతుంది, రెండు మూడు వారాలకు కాళ్ళు పడిపోయేవి. కరిచిన కుక్కకు పిచ్చి లేదని తేలినా వీరి కాళ్ళు పడిపోవటం మానలేదు. 1885లో పాస్టరు మొట్టమొదట కుందేటి వెన్నుపాముతో చేసిన టీకాలోనూ ఇదే గొడవ వచ్చింది. వైరస్ పూర్తిగా చావక ఈ పని చేస్తున్నదా? లేక ఆ వెన్నుపాములోనే, ఆ మెదడులోనే ఏదైనా దోషం వున్నదా?

(ఇది చదివి కుక్కకాటు టీకా అంటే బెదిరిపోయేవారు వుంటారేమో, మధ్యలోనే చెప్పేస్తున్నాను. ఇప్పటి టీకాలో మెదడు లేదు. దాన్ని చేతికి వేస్తారు. కుక్క కరిస్తే వేయించుకోక తప్పదు.)

ఈ ప్రశ్న పట్టుకుని న్యూయార్కులో, రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూటులో, థామస్ రివర్స్ అనే వైద్యుడు కోతుల మీద ప్రయోగం మొదలుపెట్టాడు. వైరస్ అన్నది బొత్తిగా లేని, ఆరోగ్యమైన కుందేటి మెదడును నూరి కోతులకు ఎక్కించాడు. ఒకటి కాదు, రెండు కాదు, నెలల తరబడి పదులకొద్దీ ఇంజక్షన్లు. 1933లో, మళ్ళీ 1935లో ఆయన ఫలితాలు వెల్లడించాడు. కోతులకు నడక తప్పింది, కాళ్ళు పడిపోయాయి. చచ్చినవాటి మెదడు కోసి చూస్తే నరాల మీది తెల్లని పొర అక్కడక్కడా ఊడిపోయి వున్నది. అయితే వైరస్ నిర్దోషి అన్నమాట. తప్పంతా మెదడుదే.

1947లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎల్విన్ కాబట్ అనే ఆయన పారఫిన్ నూనె, చచ్చిన క్షయక్రిములు కలిపి ఎక్కించి, నెలలు పట్టే ఈ జబ్బును వారాలలో తెప్పించాడు. రెండేళ్ళకు ఇంకొక మెట్టు పైకి వెళ్ళాడు. కోతి మెదడులోంచి చిన్నముక్క కోసి తీసి, నూరి, అదే కోతికి ఎక్కించాడు. దానికీ జబ్బు వచ్చింది! పరాయి జంతువు మెదడు గనుక ఒంటికి పడలేదని సరిపెట్టుకునే వీలు కూడా పోయింది. తన మెదడే తనకు శత్రువని ఆ కోతి శరీరం నిర్ణయించుకున్నది. ఆ కోతుల గతి తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది. అవి లేకపోతే ఈ కథలో తక్కిన భాగం లేదన్నదీ నిజమే.

ఈ గొర్రెలూ, కోతులూ నాకెందుకు పట్టాయో ఇప్పుడు చెబుతాను. నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. మా మేనకోడలికి ఇరవై ఆరో ఏట ఒక కన్ను మసకబారింది. రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయన్నది. కళ్ళజోడు మార్చారు. రెండు నెలలకు చూపు దానంతటదే తిరిగొచ్చింది, అందరం మరిచిపోయాము. ఏడాదికి నడుము దిగువ తిమ్మిరి, మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్టు జలదరింపు, మధ్యాహ్నానికల్లా మనిషి వాడిన తోటకూర కాడ అయిపోవటం. ఉద్యోగం చెయ్యటం ఇష్టంలేక నటిస్తున్నదని ఒకరు, దిష్టి అని ఒకరు, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని ఒకరు. చివరకు నరాల వైద్యుడు ఎం.ఆర్.ఐ. తీయించి, మెదడులో తెల్లగా మెరుస్తున్న మచ్చలు చూపించాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్.

"అంటే ఏమిటండీ?" అన్నది మా చెల్లెలు.

"శరీరాన్ని కాపాడవలసిన కణాలే మెదడు మీద తిరగబడ్డాయమ్మా," అన్నాడాయన.

బయటికి వచ్చాక మేనకోడలు నా చెయ్యి పట్టుకుని, "నా సైన్యం నామీదికే దండెత్తిందా మామయ్యా? నేను దానికేం అపకారం చేశాను?" అన్నది. ఆనాటినుంచీ ఆ ప్రశ్నకు జవాబు వెతకటం నాకు వ్యాపకమయింది. గొర్రె మెదడు దాకా వెళ్ళింది అందుకే.

ఈ జబ్బుకు పేరు పెట్టి, దీని స్వరూపం స్పష్టంగా వర్ణించినవాడు ఫ్రెంచి వైద్యుడు షార్కో, 1868లో, పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో. ఆయన శిష్యుడే తరువాత మనస్తత్వశాస్త్రంలో పేరుపడిన ఫ్రాయిడ్. 1893లో గురువుగారు పోయినప్పుడు ఫ్రాయిడ్ రాసిన వ్యాసంలో ఒక పనిమనిషి ప్రసక్తి వున్నది. చేతులు వణికి ఎక్కడా పని దొరకని ఒకామెను షార్కో తన ఇంట్లో పెట్టుకున్నాడట. ఆమె చేతిలో పగిలిన పింగాణీ పళ్ళేలకు చిన్న ఆస్తి కరిగిపోయినా ఆమెను వదలలేదు. ఆమె చనిపోయిన తరువాత పరీక్ష చేసి, ఆ వణుకు ఈ జబ్బు లక్షణమేనని నిరూపించాడు. పనిమనిషి మీద జాలి ఎంతో, శాస్త్రం మీద ఆశ ఎంతో చెప్పలేము.

మెదడులోంచి బయలుదేరే ప్రతి ఆజ్ఞా, కన్నూ చర్మమూ పంపే ప్రతి వార్తా సన్నని నరపు పోగుల వెంట పరిగెత్తుతుంది. ఆ పోగు మీద మయలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టుకుని వుంటుంది. కరెంటు తీగ మీది తొడుగు లాంటిదే అనుకోండి. అది వుంటే వార్త సెకనుకు పదుల మీటర్ల వేగంతో పోతుంది. ఊడితే నత్తనడక నడుస్తుంది, లేదా దారిలోనే ఆగిపోతుంది. కంటినరం మీద ఊడితే చూపు మసక, వెన్నుపాములో ఊడితే కాళ్ళకు తిమ్మిరి. శరీరం ఆ తొడుగును కొంతవరకు మళ్ళీ అల్లుకుంటుంది. మొదట్లో జబ్బు వచ్చి పోతున్నట్టు కనిపించేది అందువల్ల కూడా.

మరి దాన్ని ఊడగొట్టేదెవరు? రక్తంలోని తెల్లకణాలలో టీ-కణాలని ఒక తెగ వున్నది. రొమ్ముఎముక వెనుక వుండే థైమస్ గ్రంథి వీటి బడి. సొంత శరీరాన్ని శత్రువుగా పోల్చుకునే కణాన్ని అక్కడే చంపేస్తారు. కాని ఏ బడిలోనైనా పరీక్ష తప్పించుకుని బయటపడేవాళ్ళు కొందరుంటారు కదా! మయలిన్‌ను శత్రువనుకునే టీ-కణాలు ఆరోగ్యవంతుల రక్తంలో కూడా వున్నాయని పరిశోధకులు తేల్చారు. మీలో వున్నాయి, నాలో వున్నాయి. నిద్రపోతున్నాయి, అంతే.

పోనీ, మేలుకున్నా అవి మెదడులోకి చొరబడటం తేలిక కాదు. పాస్టరు టీకా వచ్చిన ఆ 1885లోనే పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. ఒళ్ళంతా రంగు పట్టింది, మెదడు మాత్రం తెల్లగా వుండిపోయింది. మెదడులోని రక్తనాళాల గోడలు అంత బిగువు. అది రాణివాసం, రక్తంలో తిరిగే ప్రతివాడూ లోపల అడుగుపెట్టటానికి లేదు.

ఇంతకూ దొంగ టీ-కణమేనని ఎట్లా తెలిసింది? జబ్బుచేసిన ఎలుక సీరం తీసి మంచి ఎలుకకు ఎక్కిస్తే ఏమీ కాలేదు. 1960లో ఫిలిప్ పాటర్సన్ అనే ఆయన సీరం వదిలేసి, జబ్బు ఎలుక లింఫ్ గ్రంథులలోని కణాలను ఎక్కించాడు. మంచి ఎలుక పడిపోయింది. 1981లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూటులో బెన్-నన్, వెకెర్లె, కోహెన్ ముగ్గురూ కలిసి, మయలిన్‌లోని ఒకే ఒక మాంసకృత్తును గుర్తించే టీ-కణాలను గాజుపాత్రలో పెంచి, వాటిని మాత్రమే ఎక్కించి జబ్బు తెప్పించారు. ఇక సందేహానికి తావులేదు. 1987లో బాంకాక్ వైద్యుడు హేమచూడా, అమెరికన్ వైద్యులతో కలిసి, సెంపుల్ టీకా వల్ల పడిపోయిన మనుషులను పరీక్షిస్తే, వారి శరీరాలు కూడా సరిగ్గా ఆ మాంసకృత్తు మీదనే యుద్ధానికి దిగి వున్నాయి. మన పొట్టల్లో పొడిచిన గొర్రె మెదడుకూ, రివర్స్ కోతులకూ లంకె అట్లా పడింది.

శత్రువు తెలిస్తే మందు తెలిసినట్టేనని అనుకుంటాము. ఈ జబ్బులో జరిగింది అట్లా కాదు. కెమిస్ట్రీవాణ్ణి గనుక వైజ్‌మన్ కథ మొదట చెబుతాను. అక్కడే మైకేల్ సేలా, రూత్ ఆర్నన్, డ్వోరా టైటెల్‌బామ్ అనే ముగ్గురు నాలుగంటే నాలుగు అమైనో ఆమ్లాలను గొలుసుగా కూర్చి మయలిన్ మాంసకృత్తుకు నకలు తయారుచేశారు. దాన్ని ఎక్కిస్తే జంతువులకు జబ్బు వస్తుందని వారి లెక్క. రాలేదు. పైగా అసలు జబ్బు రాకుండా అడ్డుకున్నది! 1971లో ఈ సంగతి ప్రకటించారు. పాతికేళ్ళకు, 1996లో, అది అమెరికాలో మందుగా అంగీకారం పొందింది.

ఇంకొకటి విషాదంగా నడిచింది. వైరస్‌ను చంపే గుణం వున్నది గదా అని 1987లో 18 మంది రోగులకు గామా ఇంటర్ఫెరాన్ ఇచ్చి చూశారు. ఏడుగురికి జబ్బు విజృంభించింది. వెంటనే ఆపేశారు. పాపం, ఆ ఏడుగురి వల్ల లోకానికి తెలిసిందేమంటే, కణాలను రెచ్చగొట్టేది ఏదైనా ఈ జబ్బుకు ఆజ్యమేనని.

1992లో కాలిఫోర్నియాలో టెడ్ యెడ్నాక్, లారెన్స్ స్టైన్‌మన్ ప్రభృతులు రాణివాసం తలుపు దగ్గర కాపువేశారు. టీ-కణం రక్తప్రవాహంలో కొట్టుకుపోతూ ఆగాలంటే నాళం గోడకు అతుక్కోవాలి. దాని ఒంటిమీద ఒక కొక్కెం వున్నది, అదే ఆ గోడకు తగులుకుంటుంది. కొక్కెం మీద మూత వేస్తే? ఎలుకలలో జబ్బు ఆగింది. అదే నటలిజుమాబ్ అనే మందయి 2004 నవంబరులో మార్కెట్లోకి వచ్చింది. మనుషులలోనూ దాడులు బాగా తగ్గాయి. మూడు నెలలకే, 2005 ఫిబ్రవరిలో, మార్కెట్లోంచి తీసేశారు. ఎంచేతనంటే మనలో చాలామంది ఒంట్లో చప్పుడు చెయ్యకుండా పడివుండే జేసీ అనే వైరస్ కొందరి మెదడులో విజృంభించి వారిని బలిగొన్నది. కాపలావాడు లోపలికి రాకుండా తలుపు మూస్తే దొంగను పట్టేవాడు కూడా లోపలికి రాడు కదా! 2006లో కట్టుదిట్టమైన షరతులతో ఆ మందును మళ్ళీ అనుమతించారు. ఇప్పుడు ముందుగా రక్తపరీక్ష చేసి, జేసీ జాడ చూసి మరీ ఇస్తారు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది బీ-కణాల సంగతి. అందరూ టీ-కణాల వెంట పడివుండగా, స్టీఫెన్ హౌసర్ అనే వైద్యుడు బీ-కణాలను తుడిచిపెట్టే రిటుక్సిమాబ్ అనే మందును 104 మంది మీద పరీక్షించి 2008లో ఫలితాలు వెల్లడించాడు. మెదడులో కొత్త మచ్చలు దాదాపు ఆగిపోయాయి. బీ-కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి గనుక అవి తగ్గి మేలు జరిగి వుంటుందని పెద్దలు అనుకోబోయారు. తీరా చూస్తే మేలు కొన్ని వారాలలోనే కనిపించింది, యాంటీబాడీలు ఎక్కడివక్కడే వున్నాయి. అంటే బీ-కణం చేసే ద్రోహం వేరు: మయలిన్ ముక్కను చూపించి టీ-కణాన్ని ఉసిగొల్పుతుంది. చాడీలు చెప్పి కొట్లాట పెట్టే బాపతు! దశాబ్దాలపాటు ఎలుకలనే నమ్ముకున్నవారికి ఈ సంగతి తట్టలేదు. ఎలుకకు నయమయినవన్నీ మనిషికి నయం కావు. ఈ రంగంలో అట్లా బోల్తాకొట్టిన మందుల జాబితా పెద్దది.

ఈ బాపతు కొత్త మందు ఆక్రెలిజుమాబ్ 2017లో అమెరికాలో వచ్చింది. దాని ఖరీదు మన మధ్యతరగతివారు ఊహించుకోవలసిందే. అయితే రిటుక్సిమాబ్‌కు తనదైన రూపాన్ని హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లోనే, రక్తసంబంధమైన కాన్సర్ కోసం, తయారుచేసి విడుదల చేసి వున్నది. మన దేశంలో నరాల వైద్యులు ఈ జబ్బుకు రిటుక్సిమాబ్‌నే ఎక్కువగా వాడటానికి ఖరీదే ముఖ్యకారణం. మా మేనకోడలు ఆరునెలలకొకసారి ఒక పూట ఆసుపత్రి మంచం మీద పడుకుని దాన్ని ఎక్కించుకుని వస్తుంది. మూడేళ్ళుగా కొత్త మచ్చ లేదు.

పెళ్ళి సంగతి అడగనిదే మన ఇళ్ళల్లో ఏ జబ్బు కథా ముగియదు. వచ్చిన సంబంధంవారికి చెప్పకుండా దాచమన్నవారు వున్నారు. "దాచి చేసుకుంటే రోజూ భయపడుతూ బతకాలి మామయ్యా," అని ఆ పిల్లే స్వయంగా అబ్బాయికి చెప్పింది. ఒక సంబంధం తప్పిపోయింది, రెండోది నిలిచింది. పిల్లలు పుడతారా అని మా చెల్లెలి బెంగ. 1998లో ఐరోపా వైద్యులు 254 మంది స్త్రీలను గమనించి ప్రకటించినది ఆమెకు చదివి వినిపించాను. గర్భం చివరి మూడు నెలలలో దాడులు బాగా తగ్గుతాయి. ప్రసవమైన మొదటి మూడు నెలలలో పెరుగుతాయి. తల్లి ఒంట్లో సగం పరాయిదైన శిశువును తెల్లకణాలు సహించాలి గనుక అవి ఆ రోజుల్లో శాంతం వహిస్తాయి కాబోలు. మందులు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుడితో ముందే ఆలోచించుకోవాలి. ఆడవారికి ఈ జబ్బు మగవారికి రెట్టింపుకన్న ఎక్కువగా వస్తుంది, అదీ ఇరవై నలభై ఏళ్ళ మధ్య. కనుక ఇది ఎన్నో ఇళ్ళల్లో ఎదురయ్యే ప్రశ్నే.

మందులన్నిటికీ ఒక హద్దు వున్నది. అవి కొత్త దాడులను ఆపుతాయి. ఊడిన తొడుగును తిరిగి అల్లలేవు. ఏళ్ళు గడిచాక కొందరిలో దాడులు లేకుండానే జబ్బు లోలోపల నెమ్మదిగా నడుస్తుంది. నరపు పోగులే తెగిపోతాయి. అప్పుడు రక్తంలోని కణాలను కట్టడి చేసినా ఫలితం కొద్దిగానే వుంటుంది. పరిశోధకుల పెద్ద పోరాటం ఇప్పుడు అక్కడే.

ఇక మా మేనకోడలి ప్రశ్న. నిద్రపోతున్న కణాలను మేలుకొలిపిందెవరు? 2022 జనవరిలో హార్వర్డ్ పరిశోధకులు దీనికి జవాబు వంటిది చెప్పారు. అమెరికా సైన్యంలో కోటిమందికి పైగా సిబ్బంది రక్తం నమూనాలు ఇరవై ఏళ్ళుగా దాచివున్నాయి. ఈ జబ్బు వచ్చిన 801 మంది నమూనాలు తిరగేస్తే, ఒక్కరు తప్ప 800 మందికీ జబ్బుకు ముందే ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ సోకి వున్నది. ఆ వైరస్ కొత్తగా సోకినవారికి జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. అదే నెలలో స్టాన్‌ఫర్డ్‌లో విలియం రాబిన్సన్, పైన చెప్పిన స్టైన్‌మన్ బృందం మరొకటి కనిపెట్టింది. ఆ వైరస్‌లోని ఒక మాంసకృత్తుకూ, మెదడులోని ఒక మాంసకృత్తుకూ పోలిక వున్నది. వైరస్ కోసం తయారైన ఆయుధం, ఆ పోలికను చూసి పొరబడి, మెదడు మీద పడుతున్నది.

అయితే ఈ వైరస్ వందలో తొంభైమందికి పైగా ఏనాడో సోకే వుంటుంది. ముద్దులతో, ఎంగిలితో పాకే రకం. అందరికీ జబ్బు రాదు. వంశంలో వచ్చే కొన్ని గుర్తులు, ఎండ తగలక తగ్గిన డి విటమిను, పొగాకు, ఇవి తోడుకావాలి. మా మేనకోడలు పొగతాగదు, ఎండకు ఎన్నడూ కరువు లేదు. "నువ్వు చేసిన అపకారం ఏమీ లేదమ్మా, చిన్నప్పుడు ఎవరి గ్లాసులోనో నీళ్ళు తాగి వుంటావు," అన్నాను. నవ్వింది.

ఎప్‌స్టీన్-బార్‌కు టీకా తయారుచేసి, 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ మనుషుల మీద మొదటి దశ పరీక్ష మొదలుపెట్టింది. అటువంటి టీకా ఒకటి నిలబడి పసిపిల్లలకు వేసినా, అది ఈ జబ్బును ఆపిందో లేదో ఆ పిల్లలు ముప్ఫై ఏళ్ళవారు అయ్యేదాకా లెక్క తేలదు.